నలభై రోజుల జనరల్ గారు

నూజివీడు కోర్టు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర ఆగి "ఎర్రతోపు రత్నబాబు గారు వచ్చారాండీ?" అని అడిగి చూడండి. కొట్టాయన గ్లాసులు కడుగుతూనే, "ఏ రత్నబాబు గారండీ? ప్లీడరు గారా, ప్రెసిడెంటు గారా, జనరల్ గారా?" అంటాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారు. ముగ్గురూ ఒక్కరేనని అందరికీ తెలుసు. మొదటి రెండు పేర్లూ ఆయన కష్టపడి తెచ్చుకున్నవి. మూడోది పోయిన ఎండాకాలంలో వద్దన్నా వచ్చి మీద పడింది.

ఎర్రతోపు మా ఊరు. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో, రోడ్డు దిగి లోపలికి మూడు కిలోమీటర్లు. ఊరికి తూర్పున చర్చి, కాలనీ. పడమట రామాలయం, పెద్ద రైతుల ఇళ్లు. చుట్టూ మామిడి తోటలు. తోటలు దాటి పడమటికి రెండు కిలోమీటర్లు పోతే కొండ, కొండ మీద అడవి.

రత్నబాబు గారి నాన్న ఎవరెవరి తోటలకో కాపలా కాసేవాడు. ఆయన చదువంతా తోటలో మంచె మీదే సాగింది. మా ఊరి బడిలో అప్పుడు ఒకే మాస్టారు, మూడు తరగతులు. అక్కడ మొదలుపెట్టి ఏలూరులో లా చదివి, నల్లకోటు వేసుకుని నూజివీడు కోర్టులో అడుగుపెట్టిన రోజున వాళ్ల నాన్న చిక్కం కర్ర పట్టుకుని కోర్టు గేటు దాకా వచ్చాడట. కాయలు కోసే కర్ర లోపలికి తేకూడదని బంట్రోతు అంటే, గేటు బయటే నిలబడి సాయంత్రం దాకా చూశాడట.

ముప్పై ఏళ్లయింది ప్లీడరీ చేయబట్టి. ఆయన ఆఫీసంటే మా ఊళ్లోనే, ఇంటి ముందు గది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడవారన ఒక పొడుగు బల్ల. పల్లెటూళ్ల నుంచి ఎవరొచ్చినా కేసేమిటని అడగరు ముందు. "అన్నం తిన్నారా?" అంటారు. లేదంటే లోపల ఆయన భార్య సుసన్నమ్మ గారు మాట్లాడకుండా కంచం పెట్టేస్తారు. రోజూ ఇద్దరికి సరిపడా బియ్యం ఎక్కువ పోయడం ఆమెకు అలవాటు. గట్టు తగాదాతో అన్నదమ్ములొస్తే కుర్చీలు చూపించరు, ఆ బల్లే చూపిస్తారు. పక్కపక్కన కూర్చోక తప్పదు. "మీ కేసులు వాయిదా పడేదాకా ఉండవు సార్, ముందే రాజీ అయిపోతాయి. ఇలాగైతే మేమెలా బతకాలి?" అని జూనియర్లు గోల పెడతారు. ఆయన నవ్వి ఊరుకుంటారు.

ఒకసారి ఊరికి సర్పంచిగా నిలబడ్డారు. ఇరవై మూడు ఓట్లతో గెలిచారు. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు గారనే అంటాం కదా, అలా రెండో పేరు వచ్చింది. ఆ అయిదేళ్లలో కాలనీకి కుళాయిలు వచ్చాయి, శ్మశానానికి పోయే దారిలో బురద పోయింది. రెండోసారి పదిహేడు ఓట్లతో ఓడిపోయారు. గెలిచింది లక్ష్మీనరసింహారావు గారు, రామాలయం ధర్మకర్త, ముప్పై ఎకరాల తోట ఉన్న రైతు. ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే రత్నబాబు గారు పంచాయతీ తాళాల గుత్తి పట్టుకుని రావు గారింటికి వెళ్లారు.

"రావు గారూ, నీళ్ల మోటారు స్టార్టరు మొదటిసారి నొక్కితే ఎత్తుకోదండీ. ఒక్క నిమిషం ఆగి రెండోసారి నొక్కాలి. మొదటిరోజే నీళ్లు రాలేదని జనం మిమ్మల్ని తిట్టుకోకూడదు, అందుకని చెప్పడానికొచ్చా."

రావు గారు ఆయన్ని కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చి పంపించారు గాని, ఇందులో ఏదో ఎత్తు ఉందని చాలాకాలం అనుమానపడ్డారు. ఎదురైతే నమస్కారం, అంతే. అంతకుమించి ఇద్దరికీ మాటల్లేవు.

ఇక కోతులు. కొండ మీద మేడిచెట్లు, నేరేడుచెట్లు తగ్గిపోయాక అవి దిగి రావడం మొదలైంది. ముందు పది, ఇరవై. పోయిన ఏడాదికి వందకు పైమాటే. కోతి ఆకలికి ఒక కాయ తింటే ఎవరూ బాధపడరు. ఒకటి తిని పది కొరికి పారేస్తుంది. కొరికిన కాయ మండీలో ఎవరూ తీసుకోరు.

కాలనీలో సంతోష్ కుమార్ అని ఉన్నాడు. కష్టజీవి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆ ఏడాది మొదటిసారి ఎనిమిది ఎకరాల బంగినపల్లి తోట కౌలుకి తీసుకున్నాడు. మార్చి ఆఖరున ఒక పొద్దున తోటకి వెళ్లేసరికి ఒక వరస చెట్ల కింద నేలంతా కొరికిన పచ్చికాయలు. వాడు ఊళ్లో టీకొట్టు దగ్గరకొచ్చి అందరూ వింటుండగా అన్నాడు: "అరటిపళ్లలో మందు పెడతా. చచ్చినన్ని చస్తాయి, మిగిలినవి ఊరు మర్చిపోతాయి."

ఆ మాట గంటలో రామాలయం చేరింది. "ఆంజనేయస్వామి విగ్రహం ఉన్న ఊళ్లో కోతికి మందు పెడతాడా? ఒక్కటి చచ్చినా మేం చూస్తూ ఊరుకోం" అన్నారు అక్కడ. "దేవుడైతే మీ తోటల్లోనే ఉంచుకోండి, మా తోటల్లోకి తోలకండి" అన్నారు ఇటు కాలనీలో. పండక్కి ఒకరి ఇంట్లో పిండివంట ఇంకొకరి ఇంటికి పోయే ఊరు మాది. అలాంటి మాటలు మేం ఎప్పుడూ వినలేదు. ఆ పూట చాలా ఇళ్లలో అన్నం సహించలేదు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు రెండు వైపులా జనం చేరారు. రత్నబాబు గారు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

"నాకు నలభై రోజులివ్వండి. బంగినపల్లి కోతలు అయిపోయేదాకా. ఈ నలభై రోజుల్లో ఒక్క కోతి చావకూడదు, ఒక్క తోట పాడవకూడదు. ఆ పూచీ నాది."

"కాకపోతే?" అన్నాడు సంతోష్.

"కాకపోతే నీకు అడ్డురాను. ఇక ఊరి తగాదాల్లో ఎవరి మధ్యా కూర్చోను."

ఆయన మధ్యన కూర్చోకపోతే ఈ ఊళ్లో ఎన్ని తగాదాలు కోర్టుకెక్కుతాయో, ఎన్ని ఇళ్లు చీలిపోతాయో అందరికీ తెలుసు.

"సరే బాబాయ్, నలభై రోజులు" అన్నాడు సంతోష్. "ఒక్కరోజు కూడా ఎక్కువ ఆగను."

రావు గారు కండువా దులుపుకుంటూ, "ప్లీడరయ్యారు, ప్రెసిడెంటయ్యారు. ఇంకేం, యుద్ధం కూడా మీరే నడిపించండి జనరల్ గారూ!" అన్నారు. వెటకారమే. అయినా రెండు వైపులా ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుతో పేరు అతుక్కుపోయింది.

ఇంటికొచ్చాక సుసన్నమ్మ గారు అడిగారు, "ఏవండీ, మీకు కోతుల గురించి ఏం తెలుసని?"

"ఏమీ తెలీదు."

"మరి?"

"ప్రెసిడెంటు అయిన రోజున పైపుల గురించి మాత్రం ఏం తెలుసు?"

ఇద్దరూ మోకరించి ప్రార్థన చేసుకున్నారు. లేచాక ఆయనకి మజ్జిగ ఇచ్చి, "ఆ సంతోషు మీద కోపం తెచ్చుకోకండి, వాడు రెండు రోజులుగా తోటలోనే ఉంటున్నాడు, వాళ్లావిడ చెప్పింది" అన్నారు.

మొదటి ఎత్తు జనరల్ గారు తనలోని రాజకీయ నాయకుణ్ణి అడిగి వేశారు. పంచాయతీ ఆఫీసు వెనక గదిలో పాత ఎన్నికల ఫ్లెక్సీలు పడి ఉన్నాయి. చేతులు జోడించిన రత్నబాబు గారు, చెయ్యి ఊపుతున్న రావు గారు, మనిషంత మనుషులు. తోటల గట్ల మీద కర్రలు పాతి వాటిని కట్టించారు. కోతులు నిజంగానే రెండు రోజులు గట్టు దాటలేదు.

"నా బొమ్మ ఉన్న వైపుకి అసలు రావట్లేదు, చూశారా?" అన్నారు రావు గారు మీసం సవరించుకుంటూ.

మూడోరోజు ఒక ముసలి కోతి వచ్చి రావు గారి ఫ్లెక్సీ ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత ఎక్కి చెవి దగ్గర పీకింది. సాయంత్రానికి ఫ్లెక్సీలన్నీ పీలికలు. ఒక పిల్లకోతి రత్నబాబు గారి జోడించిన చేతుల ముక్కను కప్పుకుని కొమ్మ మీద ఊగుతోంది. అటుగా పోతున్న మార్టిన్ అనే రైతు ఆగి, "జనరల్ గారూ, మీరు ఓడిపోయినా అవి మిమ్మల్ని వదల్లేదండీ!" అని అరిచాడు. ఊరంతా నవ్వింది. రత్నబాబు గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. సంతోష్ మాత్రం నవ్వలేదు. "నాలుగు రోజులు పోయాయి" అన్నాడు.

అప్పుడు ఆయన తనలోని ప్లీడర్ని నిద్రలేపారు. నోటు పుస్తకం తీసుకుని తోట తోటకీ తిరిగారు. కాలవలు, గట్లు, హద్దులు వేసి పటం గీశారు. ఏ తోటలోంచి తరిమితే కోతులు ఏ తోటలోకి పోతున్నాయో బాణం గుర్తులు పెట్టారు. అయిదోరోజు సాయంత్రం ఆ పటం పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారు.

"చూడండి. సంతోష్ టపాకాయ కాలిస్తే అవి మార్టిన్ తోటలోకి పోతున్నాయి. మార్టిన్ కాలిస్తే రావు గారి తోటలోకి. రావు గారి మనుషులు కాలిస్తే తిరిగి సంతోష్ తోటలోకి. ఇన్నాళ్లూ మనం కాల్చింది కోతుల మీద కాదండీ. ఒకరి మీద ఒకరం."

ఎవరి మనసులో వాళ్లకి అది ముందే తెలుసు.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. టపాకాయలు బంద్. తెల్లవారి ఆరింటికి చర్చి గంట మోగుతుంది, రామాలయం మైకులో పిలుపు వస్తుంది. తూర్పు చివర నుంచి అందరూ ఒకే వరుసగా నిలబడి, స్టీలు పళ్లేలు కొడుతూ, నెమ్మదిగా పడమటికి, కొండవైపు నడవాలి. ఒక్కరు కూడా వరస దాటి ముందుకెళ్లకూడదు, వెనక్కి ఉండిపోకూడదు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా వచ్చారు. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో జనరల్ గారే చెప్పారు. నీళ్ల కాలవ గొడవతో ఆరేళ్లుగా మాటల్లేని రావు గారినీ మార్టిన్‌నీ పక్కపక్కన పెట్టారు. అది ఆఫీసు గదిలో పొడుగు బల్ల దగ్గర నేర్చిన విద్య.

మొదటిరోజు వాళ్లిద్దరూ అరగంట సేపు మాట్లాడుకోకుండా నడిచారు. చివరికి రావు గారే అన్నారు, "ఆ పళ్లెం కాస్త గట్టిగా కొట్టవయ్యా."

"మా ఆవిడ కొత్త పళ్లెమండీ. దీనికి సొట్టపడితే నాకూ పడుతుంది."

రావు గారికి నవ్వు ఆగలేదు. మర్నాడు ఇంట్లోంచి ఒక పాత ఇత్తడి తాంబాళం తెచ్చి మార్టిన్ చేతికిచ్చారు. "ఇది కొట్టు. దీనికి మా నాయనమ్మ కాలంలోనే సొట్టలున్నాయి."

కోతులు వెళ్లాయి. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు తోటలు ప్రశాంతంగా ఉన్నాయి. శనివారం మధ్యాహ్నానికల్లా మొత్తం దండు తిరిగొచ్చింది. సోమవారం మళ్లీ పళ్లేలు, మళ్లీ కొండ. మళ్లీ శనివారం అవి హాజరు. "మన జనరల్ గారు వాయిదా ఇస్తున్నారు, అవి తేదీ తప్పకుండా వస్తున్నాయి" అన్నారు టీకొట్టు దగ్గర. కాళ్లు నొప్పులని వరసలో మనుషులు తగ్గారు. మార్టిన్ తోట ఊరి చివర రోడ్డు పక్కనే ఉంటుంది. ఆ రెండు శనివారాల్లో దాంట్లో సగం కాపు పోయింది.

"ఇరవై రోజులైంది బాబాయ్" అన్నాడు సంతోష్. అరవలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర అమృతమ్మ గారు చెప్పులు వెతుక్కుంటున్నారు. డెబ్బై దాటిన మనిషి. రత్నబాబు గారి నాన్నతో పాటు తోటల కాపలా కాసిన కుటుంబం. ఇప్పటికీ రోడ్డు కల్వర్టు దగ్గరున్న తోటకి ఆమే కాపలా. రత్నబాబు గారు వంగి ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టారు.

"నాయనా రత్నం, ఒక మాట చెప్పనా? మీ శత్రువులకి ఒకాయన భోజనం పెడుతున్నాడు."

"ఎవరు పిన్నీ?"

"నూజివీడు మండీ శ్రీరాములు గారు. శనివారం శనివారం పొద్దున్నే కల్వర్టు దగ్గర కారాపి రెండు గెలల చక్కెరకేళి, బుట్టెడు శనగలు పోస్తాడు. అవి కొండ మీంచి పరిగెత్తుకుంటూ వస్తాయి. కారు చప్పుడు కూడా వాటికి తెలుసు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది పైనే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

అమృతమ్మ గారు కొంగు సర్దుకున్నారు. "భార్య చావు బతుకుల్లోంచి లేచిందని మొక్కుకున్నాడంట. పళ్లు పోసి కళ్లు మూసుకుని అక్కడే నిలబడతాడు నాయనా. దానం చేసేవాడి చెయ్యి ఎలా పట్టుకుంటాం? ఇప్పుడు ఈ సంతోషు గాడు రోజులు లెక్కపెడుతుంటే భయమేసింది. అందుకని చెప్పా."

సోమవారం రత్నబాబు గారు ఒక్కరే నూజివీడు మండీకి వెళ్లారు. షెడ్డంతా గడ్డి, కాయలు, సొన వాసన. శ్రీరాములు గారు ఒక కాయని తిప్పి చూస్తూ కొడుకు ఫణితో అంటున్నారు, "ఈ మార్టిన్ కాయంతా వెనక్కి పంపించరా. ప్రతిదానికీ పంటిగాట్లే. ఆ ఊళ్లో కోతుల్ని ఎవరూ పట్టించుకోరనుకుంటా."

రత్నబాబు గారు కోర్టులో ఎవరినైనా నిలదీయగల మనిషి. ఆ మాట చేతికి అందింది కూడా. ఆయన తీసుకోలేదు. కూర్చుని, ముందుగా "హైమవతమ్మ గారి ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని అడిగారు.

శ్రీరాములు గారి ముఖం వెలిగింది. "దేవుడి దయ. గుండె ఆపరేషనయ్యాక ఇప్పుడు తనే వంట చేస్తోంది. అందుకే శనివారం నేను…" అని ఆగిపోయారు. చేతిలో ఉన్న కాయ వైపు చూశారు. పంటిగాటు వైపు చూశారు. రత్నబాబు గారి వైపు చూశారు.

"మీరు వచ్చింది అందుకాండీ?"

"అందుకేనండీ."

"అయ్యో రామా! నా చేత్తో నేనే…"

"నేను అప్పుడే చెప్పా కదా నాన్నా, ఊరికి దగ్గరగా పెట్టొద్దని" అన్నాడు ఫణి.

"నువ్వు చెప్పింది కారు మీద గీతలు పడుతున్నాయని రా!"

శ్రీరాములు గారు కళ్లు తుడుచుకుని మొక్కు మానేస్తానన్నారు. రత్నబాబు గారు ఒప్పుకోలేదు. "మానొద్దండీ. ఆకలితో ఉన్నవాటికి పెడుతున్నారు. చోటు మారుద్దాం. కల్వర్టు నుంచి కొండ దాకా కరెంటు స్తంభాలు ముప్పై ఆరు. మాకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. రోజుకి రెండు స్తంభాలు జరుపుదాం. అన్నం వెంట అవే నడుస్తాయి."

"రోజూనా? నా మొక్కు శనివారమే."

"మిగతా రోజులు పెడితే దేవుడు కాదంటాడా?"

శ్రీరాములు గారు నవ్వేశారు. "అనడు. పళ్లకి లోటు లేదు, నేను పంపిస్తా. కానీ రోజూ పొద్దున్నే అంత దూరం ఎవరు మోస్తారు?"

ఊళ్లో ట్రాలీ ఆటో ఉన్నది సంతోష్‌కే.

ఆ మాట తెలిసి రావు గారు స్వయంగా రత్నబాబు గారింటికి వచ్చారు. ఓడిపోయిన ప్రెసిడెంటు ఇంటి గుమ్మం ఆయన ఎక్కడం అదే మొదటిసారి. "మందు పెడతానన్నవాడి చేతికి అరటిపళ్లా? మీకు మతి ఉందా అండీ?"

"వాడు నలభై రోజులు ఆగుతానని మాటిచ్చాడు రావు గారూ."

"మాట మీద నమ్మకమా?"

"ఓట్లప్పుడు మీరూ నేనూ ఎన్ని మాటలిచ్చాం? జనం నమ్మారుగా."

రావు గారు కుర్చీలో కూర్చున్నారు. సుసన్నమ్మ గారు కంచం పెట్టేశారు. తినే వెళ్లారు.

సంతోష్ మొదట ఒప్పుకోలేదు. "నా తోట తిన్నవాటికి నేనే మోసుకెళ్లి పెట్టాలా బాబాయ్?" అన్నాడు. "నీ తోటలోంచి అవి పోవాలంటే నువ్వే తీసుకెళ్లాలిరా" అన్నారు ఆయన. రుసరుసలాడుతూనే మర్నాడు బండి తీశాడు. మొదటి నాలుగు రోజులు పళ్లు విసిరేసి వచ్చేవాడు. అయిదోరోజు నుంచి ఆగి చూడ్డం మొదలుపెట్టాడు. పెద్దవి ముందు తినేస్తున్నాయని, పిల్లల తల్లులకి వేరే చోట పోసేవాడు. కుంటి కోతి ఒకటుంది, దానికి ఒలిచి ఇచ్చేవాడు. ఇవన్నీ అమృతమ్మ గారు చూసి ఎవరికీ చెప్పకుండా రత్నబాబు గారికి మాత్రం చెప్పారు.

ముప్పై మూడోరోజు పదకొండింటికి గొడవ లేచింది. సంతోష్ బండిలో, వాడి తువ్వాల్లో చుట్టి, కోతి పడి ఉందని ఒకరు చూశారు. బండి రోడ్డెక్కి నూజివీడు వైపు వేగంగా పోయిందట. "చంపేశాడు. ఎక్కడో పారేయడానికి తీసుకుపోతున్నాడు" అన్నారు. పావుగంటలో రామాలయం ముందు వందమంది. కాలనీలోంచి సంతోష్ మనుషులు బయల్దేరారు. మధ్యలో రత్నబాబు గారు పరిగెత్తుకుంటూ వచ్చి నిలబడ్డారు. చెప్పులు కూడా లేవు. ఎండకి తారు కాలుతోంది.

"ఎవరైనా కళ్లారా చూశారా వాడు మందు పెట్టడం?"

"బండిలో పడి ఉండడం చూశాం" అన్నారొకరు.

"చూడకుండా తీర్పేంటి? రావు గారూ, మీరూ నేనూ వెళ్దాం. అది చచ్చిపోయి ఉంటే, వాడు చంపి ఉంటే, నేను ఇక్కడికొచ్చి మీ అందరి ముందు ఓడిపోయానని చెప్తా. అప్పటిదాకా ఎవరూ కదలొద్దు."

రావు గారు ఆయన కాళ్ల వైపు చూశారు. తన చెప్పులు విడిచి ఆయన ముందుకు తోశారు. "నేను కారులోనే కదా కూర్చునేది, వేసుకోండి" అన్నారు.

దారిలో రత్నబాబు గారి పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అని రావు గారికి తెలిసి రేడియో కట్టేశారట.

పశువుల ఆసుపత్రి దగ్గర సంతోష్ ట్రాలీ కనిపించింది. వరండాలో నేల మీద వాడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో కోతి. కళ్లు తెరిచే ఉంది. వాడు మర్రాకు దొన్నెలో నీళ్లు దాని మూతికి ఆనిస్తున్నాడు. వాడి ముంజేతి మీద రక్కిన గీతలు. పక్కన డాక్టరు యోగిత గారు సూది మందు సర్దుతున్నారు.

"ట్రాన్స్‌ఫార్మర్ తగిలి షాక్ కొట్టిందండీ" అన్నారు ఆమె. "చెయ్యి కాలింది. ఇంకో అరగంట ఆలస్యమైతే బతికేది కాదు. ఇతను గేటు తీసే దాకా కూడా ఆగలేదు, గోడ దూకి వచ్చి నన్ను పిలిచాడు. అతనికి కూడా ఇంజెక్షన్ వేయాలంటే కూర్చోవడం లేదు, మీరైనా చెప్పండి."

సంతోష్ తలెత్తి ఇద్దరినీ చూశాడు. "కుంటిది బాబాయ్. నేను ఒలిచిపెట్టేదాకా ఆగలేక పండు లాక్కుని స్తంభం ఎక్కింది" అన్నాడు.

రావు గారు వాడి పక్కన నేల మీదే కూర్చున్నారు. ఫోన్ తీసి రామాలయానికి కలిపి, "బతికే ఉంది. వాడే బతికించాడు. అందరూ ఇళ్లకి పోండి" అని చెప్పారు. తర్వాత సంతోష్ వైపు తిరిగి, "ముందు నువ్వు సూది వేయించుకోరా. ఏడిస్తే నేను ఎవరికీ చెప్పనులే" అన్నారు.

నలభయ్యో రోజు శుక్రవారం. పంచాయతీ ఆఫీసు ముందు మళ్లీ ఊరంతా చేరింది. ఆ పొద్దున్నే పళ్లు ముప్పై ఆరో స్తంభం దాటి కొండ మొదట్లో పోశారు. శ్రీరాములు గారు అక్కడ రెండు సిమెంటు నీళ్లతొట్లు పెట్టించారు. ఆరు రోజులుగా తోటల్లో కోతి జాడ లేదు. కోతలు ముగింపుకొచ్చాయి.

రత్నబాబు గారు లేచి, కోర్టులో చెప్పినట్టే చెప్పారు. "ఒక్క కోతి చావలేదు. కానీ ఒక్క తోట పాడవదని కూడా అన్నాను. మార్టిన్ తోట సగం పోయింది. అది నేను కనిపెట్టడం ఆలస్యమవడం వల్ల. నా మాట సగం తప్పింది. అన్న మాట ప్రకారం తేల్చుకోవాల్సింది మీరే."

మార్టిన్ లేచాడు. "నా తోట సగం పోయిందని ఆయన అంటున్నారు. సగం మిగిలిందని నేనంటున్నా. పోయినేడు నాకు బుట్టెడు మిగల్లేదు. ఈ ఏడు నీళ్ల కాలవ కూడా వచ్చింది." అని రావు గారి వైపు చూశాడు. రావు గారు మొన్ననే అడ్డు తీయించారని అప్పుడు అందరికీ తెలిసింది.

అందరూ సంతోష్ వైపు చూశారు. వాడు కట్టుకట్టిన చెయ్యి గోక్కుంటూ, "నన్నేం చూస్తారు? రేపు శనివారం. శ్రీరాములు గారు రెండు గెలలు ఎక్కువ పంపుతానన్నారు, బండి ఎక్కించడానికి ఎవరైనా ఒకరు వస్తే చాలు" అని కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టింది ముందుగా రామాలయం వైపు వాళ్లే.

వానలు పడ్డాక, జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కొండ మొదట్లో మేడి, నేరేడు మొక్కలు నాటడానికి అందరం వెళ్లాం. అవి కాపుకొచ్చాక కోతులకి ఎవరూ మోయక్కర్లేదని జనరల్ గారి లెక్క. కాపుకి ఏళ్లు పడుతుందని ఎవరో అంటే, "అందాకా సంతోషు ఉన్నాడుగా" అన్నారు. మొక్కలన్నీ నాటాక చేతులు కడుక్కుని నేల మీద బంతిగా భోజనానికి కూర్చున్నాం. హైమవతమ్మ గారు స్వయంగా పులిహోర చేసి తెచ్చారు, సుసన్నమ్మ గారు విస్తళ్లు వేశారు. రావు గారికి ఆకలి దంచేస్తోంది, చెయ్యి పులిహోరలో పెట్టేశారు. అంతలో ఎదురుగా అమృతమ్మ గారు తల మీద కొంగు కప్పుకుని కళ్లు మూసుకున్నారు. రావు గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పక్కన ఫణి కలుపుతుంటే మోచేత్తో పొడిచారు. ఆమె ప్రార్థనలో వానకీ, పెట్టిన చేతులకీ, మొక్కలకీ, మార్టిన్ తోటకీ, కుంటి కోతికీ పేరు పేరునా దేవుడికి వందనాలు చెప్పుకుంటూ పోతున్నారు. తొందరపడే మనిషి కాదామె. బంతిలో ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

చివరికి ఆమేన్ అన్నారు.

"ఇక తినొచ్చా అమృతమ్మా?" అన్నారు రావు గారు.

"తిను నాయనా, చల్లారిపోతోంది" అని ఆమె తన విస్తట్లో అప్పడం తీసి ఆయన విస్తట్లో వేశారు.